సాన

హడర్స్‌ఫీల్డ్ ఆసుపత్రి లాండ్రీలో
పగలంతా దుప్పట్లు మడతపెడతాను.
జీతం చీటీ మీద నా పేరు కింద
నాలుగంకెలూ ఒక అక్షరమూ ఉంటాయి, పన్ను కోడ్.
అది నాకంటే ముందే లేచి
దాని వాటా అది తీసుకుని
మిగిలింది నాకు వదిలిపెడుతుంది.
పాతికేళ్లలో దాంతో ఒక్కసారీ మాట్లాడలేదు.

రాత్రిళ్లు మాత్రం మెట్ల కింద గూట్లో
నాన్న సానరాయి తిప్పుతాను.
రోషీన్ సెలూన్ కత్తెరలు,
తాదెయుష్ మాంసం కొట్టు కత్తులు,
పెళ్లి గౌన్లు కుట్టే మిసెస్ బటర్‌ఫీల్డ్
ఎవరినీ ముట్టనివ్వని పెద్ద కత్తెర.
నీళ్లు చిలకరించి, వాలు చూసుకుని, చెవి ఒగ్గుతాను.
పదును ముందు వినిపిస్తుంది,
తర్వాతే కనిపిస్తుంది.
ప్రతిసారీ ఇనుము కొంత రాయికి పోతుంది.
ఆ బూడిదరంగు బురదని నాదనీ
నీదనీ ఎవరూ అడగరు.

కత్తెరకి నాలుగున్నర. కత్తికి మూడు.
బిస్కెట్ డబ్బాలో వేసి మూత పెట్టేదాన్ని.
డబ్బు అనుకోలేదు, చిల్లర అనుకున్నాను.

దుప్పటి చెరోకొసా పట్టుకున్నప్పుడు
గ్వెండా అంది:
"వెయ్యి దాటితే చెప్పుకోవాలి, తెలుసా?
లాభం కాదు, చేతికొచ్చిందంతా."
దుప్పటి నా కొస జారిపోయింది.

ఆ ఆదివారం వాన.
మేకుకి గుచ్చిన చీటీ ముక్కలన్నీ దించి
ఏప్రిల్ నుంచి ఏప్రిల్‌కి పరిచాను.
కొన్నిటి మీద నూనె మరకలు,
ఒకదాని మీద తాదెయుష్ వేలిముద్ర, ఎర్రగా.
పదమూడు వందల నలభై ఆరు.
మళ్లీ కూడాను. మళ్లీ అదే.
అక్టోబరు అయిదులోగా చెప్పాలట.
ఇది నవంబరు పద్దెనిమిది.

తాదెయుష్ నవ్వాడు:
"చేతిలో పెట్టింది చేతికే తెలుసు, జానెట్,
రాయకపోతే ఎవడు చూశాడు?"
నేను నీళ్లు నమిలాను.
ఇంటికొచ్చి అతని కత్తే సాన పట్టాను,
చెయ్యి వణికి వాలు తప్పింది.
ముప్పై ఏళ్లలో మొదటిసారి.

మర్నాడు ఫోను చేశాను. నలభై నిమిషాలు
ఒకటే పియానో, అదీ శ్రుతి తప్పినది.
చివరికి ఒక వేల్స్ గొంతు, ఇద్రిస్ అట,
తిడతాడనుకున్నాను. తిట్టలేదు.
"జనవరి ఆఖరులోగా కట్టేస్తే
ఆలస్యానికి జరిమానా ఉండకపోవచ్చు" అన్నాడు.
రాళ్లకీ నూనెకీ బస్సులకీ అయిన
రెండు వందల పన్నెండు తీసేసుకోవచ్చు,
లేదా వెయ్యి తీసేసుకోవచ్చు. రెండూ కుదరవు.
"వెయ్యే" అన్నాను, కూరగాయలు బేరమాడినట్టు.
మిగిలింది మూడు వందల నలభై ఆరు.
జీతంతోనే నా మినహాయింపు నిండిపోయింది కనక
మొదటి పౌండు నుంచీ అయిదో వంతు.

అరవై తొమ్మిది పౌండ్ల ఇరవై పెన్నీలు.

ఇంతేనా?
ఇంత కోసమా పదకొండు రాత్రులు
కప్పు చూస్తూ పడుకున్నాను?

పదంకెల నంబరు పోస్టులో వచ్చింది.
జనవరిలో, రెండు డ్రయ్యర్ల మధ్య నిలబడి,
తడి బొటనవేలితో కట్టేశాను.
ఆ డబ్బుతో ఈ ఆసుపత్రిలో
ఏ దుప్పటి ఉతుకుతారో అని గ్వెండా మురిసిపోయింది.
నేనలా ఏమీ అనుకోలేదు.
ఇస్త్రీ ఆవిరిలో కాసేపు ఊరికే నిలబడ్డాను.

ఇప్పుడు మేకు లేదు, నోటుపుస్తకం ఉంది.
ఏట్లో వేసినా ఎంచి వెయ్యమన్నారు.
రోషీన్, రెండు జతలు, తొమ్మిది.
మిసెస్ బటర్‌ఫీల్డ్, నాలుగున్నర.
ఇవాళ క్లిఫర్డ్ ఆర్మిటేజ్ వచ్చాడు,
తోట కత్తెర పదును చేయించుకుని
జేబులు తడుముకుని, సిగ్గుపడి,
మట్టి వదలని ఆరు లీక్ కాడలు బల్ల మీద పెట్టి
వెళ్లిపోయాడు.

పేరు రాశాను. తేదీ రాశాను.
మూడో గడి దగ్గర కలం ఆగింది.
పొయ్యి మీద సూపు ఉడుకుతోంది.
ఇద్రిస్‌కి మళ్లీ ఫోను చెయ్యాలేమో.